డెల్టా వ్యర్థాలతో గట్టి ఇంధనం: బ్రికెట్ల పరిశ్రమకు అవకాశాలు, అవరోధాలు

ప్రత్యేక వ్యాసం

ఏలూరు: ఫలితం లేని శ్రమను, సారం లేని ప్రసంగాన్ని తెలుగువారు 'ఊకదంపుడు' అంటారు. ఊకను ఎంత దంచినా గింజ రాలదన్నది తరతరాల అనుభవం. అయితే అదే ఊకను తగినంత ఆరబెట్టి, యంత్రంలో అధిక పీడనంతో దంచినప్పుడు గింజ రాకపోయినా, కొలిమిలో కట్టెకు, బొగ్గుకు బదులుగా వాడదగిన గట్టి దిమ్మె లభిస్తుంది. ఈ దిమ్మెలనే వ్యాపార పరిభాషలో బ్రికెట్లని, కొన్నిచోట్ల తెల్లబొగ్గని వ్యవహరిస్తున్నారు. వ్యవసాయ వ్యర్థాలు విస్తారంగా లభించే ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో ఈ పరిశ్రమ పట్ల ఆసక్తి కలగడం సహజం. ఆ ఆసక్తి పెట్టుబడిగా మారే ముందు దాని మంచిచెడులను, లెక్కాపత్రాలను నిశితంగా పరిశీలించడం అవసరం.

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను ధాన్యాగారంగా మార్చింది. నేటికీ ఇక్కడ సార్వా, దాళ్వా పంటలతో ఏటా రెండుమార్లు వరి కోతలు సాగుతాయి. తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం ప్రాంతాల మిల్లులలో ఊక, పల్లపు పొలాలలో వరిగడ్డి, కొల్లేరులోనూ దానిలో కలిసే కాలువలలోనూ గుర్రపుడెక్క, పెదవేగి మొదలుకొని జంగారెడ్డిగూడెం వరకు గల మెట్ట ప్రాంతంలో పామాయిల్ తోటల వ్యర్థాలు లభ్యమవుతాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం పాలనాపరంగా రెండు జిల్లాలైనప్పటికీ, ముడిసరుకు దృష్ట్యా ఇది ఒకే సీమ. కొద్ది పదుల కిలోమీటర్ల పరిధిలో నాలుగు రకాల జీవవ్యర్థాలు దొరికే ప్రాంతాలు అరుదు.

అయినప్పటికీ వ్యర్థం ఉన్నంత మాత్రాన పరిశ్రమ నిలబడదు. దిమ్మెను నొక్కడం యంత్రానికి తేలికైన పనే. ముడిసరుకును పోగుచేయడం, ఎండబెట్టడం, వానల్లో కాపాడి కొనుగోలుదారునికి సకాలంలో చేర్చడం అసలు పని. ఈ సీమలో బ్రికెట్ల భవితవ్యం ఈ మూడింటి మీదనే ఆధారపడి ఉన్నది.

దిమ్మె కట్టే తీరు

వదులుగా ఉన్న ఊక ఘనపు మీటరుకు సుమారు 100 నుండి 120 కిలోలు మాత్రమే తూగుతుంది. బ్రికెట్ సాంద్రత ఘనపు మీటరుకు 1,000 నుండి 1,200 కిలోల వరకు ఉంటుంది. దీని ప్రయోజనం రవాణాలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉదాహరణకు 30 ఘనపు మీటర్ల తొట్టి గల లారీలో ఊకను నింపితే మూడు, మూడున్నర టన్నులకే చోటు నిండిపోతుంది. దిమ్మెలైతే వాటి మధ్య ఖాళీలు పోయినప్పటికీ లారీ తన పూర్తి బరువును మోయగలుగుతుంది. ఊక, గడ్డి దూరప్రాంతాలకు తరలిపోకుండా ఊరిలోనే కాలిపోవడానికి ప్రధాన కారణం ఈ చోటు సమస్యే.

మొక్కల కణజాలంలో సహజంగానే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. పీడనం, వేడి కలిసినప్పుడు అది మెత్తబడి, చల్లారిన తరువాత బంకవలె పొడిని పట్టి ఉంచుతుంది. అందువల్ల బెల్లపు మడ్డి వంటి జిగురు పదార్థాలు కలపవలసిన అవసరం సాధారణంగా ఉండదు. మన దేశంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది పిస్టన్ ప్రెస్. ఇందులో బరువైన పిస్టన్ పొడిని మళ్లీమళ్లీ దంచుతూ ఉక్కు గొట్టంలోనికి నెడుతుంది. రెండవ రకమైన స్క్రూ ప్రెస్‌లో మర పొడిని నిరంతరాయంగా తోస్తుంది. దీని దిమ్మె మధ్యలో రంధ్రంతో చక్కగా మండుతుంది గాని, మర త్వరగా అరిగిపోతుంది. ఊకలోని సిలికా ఇసుకవలె లోహాన్ని కొరికివేయడమే ఇందుకు కారణం. 1990 దశకంలో ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు ఈ అరుగుదల సమస్యపై ప్రత్యేకంగా కృషి చేశారు.

నొక్కే పనికి టన్నుకు ఇంచుమించు 50 నుండి 60 యూనిట్ల విద్యుత్తు అవసరమవుతుంది. ముడిసరుకును తురమడానికి, ఆరబెట్టడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. ముడిసరుకులో తేమ 8 నుండి 12 శాతం మధ్య ఉండాలి. అంతకు మించితే లోపల పుట్టిన ఆవిరి దిమ్మెను పగులగొడుతుంది. మరీ తక్కువైతే పొడి సరిగా అతుక్కోదు. ఈ చిన్న నిబంధనే డెల్టా ప్రాంతంలో పెద్ద పరీక్షగా పరిణమిస్తున్నది.

ఊక నిజంగా వ్యర్థమేనా?

నూరు టన్నుల ధాన్యం ఆడిస్తే సుమారు 20 టన్నుల ఊక వస్తుంది. మిల్లు నుండి వచ్చే ఊక పొడిగా, సన్నగా ఉంటుంది. తురమనవసరం లేదు, ఆరబెట్టవలసినది తక్కువ, పోగుచేసే శ్రమ అసలే లేదు. నాలుగు రకాలలో బ్రికెట్లకు ఇంత సిద్ధంగా ఉన్న సరుకు మరొకటి లేదు. కొత్తగా పరిశ్రమ పెట్టదలచినవారి దృష్టి ముందుగా ఊకపై పడటానికి కారణం ఇదే.

అయితే ఊక చాలాకాలం క్రితమే వ్యర్థాల జాబితా నుండి తొలగిపోయింది. ఉప్పుడు బియ్యం మిల్లులు తమ బాయిలర్లలో ఊకనే వాడుకుంటాయి. ఇటుక బట్టీలకు ఇది అలవాటైన ఇంధనం. కోళ్ల ఫారాలలో నేలపై పరిచేది కూడా ఊకే. కాలిన ఊకలో 17 నుండి 20 శాతం వరకు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో అధికభాగం సిలికా కావడం వల్ల ఉక్కు, సిమెంటు రంగాలలో దానికీ గిరాకీ ఉంది. మిల్లు పక్కనే ఉన్న బాయిలర్ వదులు ఊకను నేరుగా కాల్చగలిగినప్పుడు, దానిని డబ్బు, విద్యుత్తు వెచ్చించి దిమ్మెగా మార్చడం దండుగ. దూరాన ఉన్న కొనుగోలుదారుని కోసమైతేనే దిమ్మెకు అర్థం ఉంటుంది.

ఈ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం గుర్తుంచుకోదగినది. 2000 దశకంలో ఊక, చెరకు పిప్పి, కట్టెపుల్లల వంటి జీవవ్యర్థాలపై ఆధారపడి పలు చిన్న విద్యుత్ కేంద్రాలు నెలకొన్నాయి. కేంద్రాలు పెరిగినకొద్దీ ముడిసరుకుకు పోటీ పెరిగి, ధర పైకెగబాకింది. అమ్మే విద్యుత్తుకు ధర ఒప్పందంలో స్థిరపడి ఉండగా, కొనే ఇంధనం ధర మాత్రం స్థిరంగా లేకపోవడంతో పలు కేంద్రాలు ఇబ్బందులపాలయ్యాయి. ఉచితంగా దొరుకుతుందనుకున్న సరుకుకు కొనుగోలుదారుడు రాగానే ధర పుడుతుందన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. బ్రికెట్ల పరిశ్రమకూ ఇది యథాతథంగా వర్తిస్తుంది.

వరిగడ్డి: ఎనిమిది వారాల గడువు

వరిగడ్డి పరిస్థితి వేరు. కోతలు, నూర్పులు కూలీల చేతుల మీదుగా సాగిన రోజులలో గడ్డి కట్టలుగా కళ్లానికి చేరి, వాములుగా నిలిచి, ఏడాది పొడవునా పశువుల మేతకు ఉపయోగపడేది. వరికోత యంత్రాలు వచ్చిన తరువాత గడ్డి పొలమంతటా చెల్లాచెదురుగా పడుతున్నది. దానిని ఏరి కట్టలు కట్టించే ఖర్చు, వచ్చే ధరకు మించినప్పుడు రైతు నిప్పు పెట్టడానికి మొగ్గు చూపుతాడు. పంజాబ్, హర్యానాలలో ఈ పొగ దేశ రాజధానిని కమ్మివేయడం విదితమే.

గడ్డిని కాల్చినప్పుడు నష్టపోయేది గాలి మాత్రమే కాదు. ఒక టన్ను వరిగడ్డిలో 5 నుండి 8 కిలోల నత్రజని, 12 కిలోలకు పైగా పొటాషియం ఉంటాయి. నత్రజని దాదాపు పూర్తిగా పొగలో కలిసిపోతుంది. గడ్డిని పొలం నుండి తరలించినా ఈ పోషకాలు తరలిపోతాయన్నది కూడా మరువరాదు. అందుచేత మొత్తం గడ్డిని ఎత్తివేయకుండా మొదళ్లను నేలలోనే కలియదున్నడం, దిమ్మెలు కాల్చగా మిగిలిన బూడిదను తిరిగి పొలాలకు చేర్చడం శ్రేయస్కరం.

ఇక కాలం సంగతి. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో సాగుతాయి. అది మంచు కురిసే కాలం, తుపానుల కాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని తడిపివేసిన సంగతి డెల్టా రైతుకు ఇంకా గుర్తున్నది. పైగా దాళ్వా నారుమళ్లకు వేళవుతుండటంతో పొలం త్వరగా ఖాళీ చేయాలి. అందువల్ల సార్వా గడ్డిని పొడిగా సేకరించడం కష్టసాధ్యం. దాళ్వా గడ్డి అలా కాదు. ఏప్రిల్ కోతల అనంతరం కాలువలు కట్టివేస్తారు. తొలకరి వరకు సుమారు ఎనిమిది వారాలు పొలం ఖాళీగా ఉంటుంది, ఎండ తీవ్రంగా కాస్తుంది. గడ్డిని ఉచితంగా ఆరబెట్టే యంత్రం ఆ ఎండే.

గంటకు ఒక టన్ను తయారుచేసే చిన్న కర్మాగారం రోజుకు 16 గంటల చొప్పున 200 రోజులు నడిస్తే 3,200 టన్నుల సరుకు కావాలి. ఎకరాకు ఒకటిన్నర నుండి రెండు టన్నుల గడ్డి లభిస్తుందనుకుంటే, ఇంచుమించు 1,600 నుండి 2,100 ఎకరాల గడ్డిని ఆ ఎనిమిది వారాలలోనే బేలర్లతో కట్టలు కట్టించి, గట్టు దాటించి, కప్పు కిందికి చేర్చాలి. ఇది ఒక్క పెట్టుబడిదారుడు ఒంటరిగా చేయగలిగిన పని కాదు. గ్రామస్థాయిలో రైతు ఉత్పత్తిదారుల సంఘాలు బేలర్లను సమకూర్చుకొని, ఎకరాల వారీగా ముందే ఒప్పందాలు చేసుకొన్నప్పుడే సాధ్యపడుతుంది. గడ్డికి ముందుగానే ధర తెలిస్తే రైతు నిప్పు పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

మేత సంగతి కూడా విస్మరించరాదు. మెట్ట ప్రాంతపు పాడి రైతులకు డెల్టా గడ్డి ఆధారం. పశువు తినే గడ్డిని కొలిమికి మళ్లిస్తే పాల ఉత్పత్తిదారునిపై భారం పడుతుంది. మేతకు పనికివచ్చే గడ్డిని మేతకే వదిలి, తడిసి రంగు మారినది, పొలంలోనే కాల్చివేయబోతున్నది మాత్రమే ఇంధనానికి మళ్లించడం న్యాయం. రంగు మారిన గడ్డిని సైతం దిమ్మె కట్టే ముందు పూర్తిగా ఆరనివ్వాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

కొల్లేరు గుర్రపుడెక్క: నీటి లెక్క

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన కొల్లేరు సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు నీటిని తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని బంగాళాఖాతానికి చేరుస్తుంది. +5 కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ఇది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. పొలాల ఎరువులు, చేపల చెరువుల వ్యర్థజలాలు, పట్టణాల మురుగు కలిసిన నీరు గుర్రపుడెక్కకు బలమైన ఆహారం. దట్టంగా అల్లుకొన్న ఈ మొక్క నీటి పారుదలను అడ్డగించి ముంపును పెంచుతుంది, నీటిలోని ప్రాణవాయువును తగ్గించి చేపలకు హాని చేస్తుంది. 2024 సెప్టెంబరు వరదలలో బుడమేరు నీరు విజయవాడను ముంచి కొల్లేరుకు చేరిన తరువాత, కాలువలలో నీరు ధారాళంగా సాగవలసిన అవసరం మరింత స్పష్టమైంది.

గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుండి వచ్చిన మొక్క. దీని బెడద ఎంతటిదంటే 1936లో నాటి బెంగాల్ రాష్ట్రం దీని నిర్మూలనకు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. 1990 దశకంలో ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు ఇదే సమస్యతో సతమతమైంది. దీనిని తీసి ఇంధనంగా మార్చితే ఒకే దెబ్బకు రెండు ప్రయోజనాలు నెరవేరుతాయన్న ఆలోచన అక్కడా ఇక్కడా పలువురికి కలిగింది. ఆలోచన మంచిదే గాని, దానికి ముందు నీటి లెక్క చూడాలి.

పచ్చి గుర్రపుడెక్కలో 90 నుండి 95 శాతం వరకు నీరే. 94 శాతంగా తీసుకుంటే, 10 శాతం తేమ గల ఒక టన్ను దిమ్మెలకు 15 టన్నుల పచ్చి మొక్కను ఒడ్డుకు చేర్చాలి. అందులో 14 టన్నుల నీటిని వదిలించాలి. ఆ నీటిని మంటతో ఆవిరి చేయడానికి సుమారు 84 లక్షల కిలో కేలరీల వేడి అవసరం. తయారైన టన్ను దిమ్మెలు ఇచ్చేది 30 నుండి 35 లక్షల కిలో కేలరీలు మాత్రమే. అంటే వచ్చే ఇంధనానికి రెట్టింపునకు పైగా ఇంధనం ఆరబెట్టడానికే కావాలి. కనుక కొలిమితో ఆరబెట్టే ఏ ప్రతిపాదనా నిలువదు. గట్టుపైకి తీసి, నీరు కారనిచ్చి, వేసవి ఎండలో వారాల తరబడి ఎండబెట్టి, తేలికైన తరువాతనే కర్మాగారానికి తరలించాలి. ఒంటిగా కాక ఊక లేదా రంపపుపొట్టుతో కలిపి నొక్కితే తేమ హెచ్చుతగ్గులు కొంత సర్దుకుంటాయి.

కాలువలలోని మొక్కను ముంపు నివారణ కోసం ఎలాగూ ప్రజాధనంతో తొలగించవలసిందే. తొలగించిన మొక్కను గట్టునే వదిలేస్తే తొలి వానకు తిరిగి నీటిలోకి జారుతుంది. తొలగింపు ఖర్చును నీటి పారుదల పనుల కింద, ఎండిన తరువాతి సేకరణను ఇంధన పరిశ్రమ కింద లెక్కించినప్పుడు మాత్రమే గుర్రపుడెక్క దిమ్మె లాభదాయకం కాగలదు. ఆ మేరకు ఎండబెట్టలేని చోట ఎరువుగా కుళ్లబెట్టడం గాని, బయోగ్యాస్‌కు వాడటం గాని మేలైన మార్గం. వాటికి నీరు అవరోధం కాదు.

అభయారణ్యం పరిధిలో మొక్కల తొలగింపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి లోబడి, అటవీశాఖ అనుమతితో జరగవలసి ఉంటుంది. ముఖ్యంగా కిక్కిస దుబ్బులను గుర్రపుడెక్కతో కలిపి చూడరాదు. కిక్కిస కొల్లేరు సహజ సంపద, పక్షులకు ఆశ్రయం. ఆటపాకలో గూడబాతులను చూడవచ్చే సందర్శకులు ఎరిగినదే, ఈ సరస్సు కేవలం నీటి మడుగు కాదు. ఇంధనం కోసం కిక్కిసను టోకున నరికివేయడం వ్యర్థ వినియోగం అనిపించుకోదు.

పామాయిల్ తోటల వ్యర్థాలు

దేశంలో పామాయిల్ గెలల దిగుబడిలో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉన్నది. ఏలూరు సమీపాన పెదవేగిలో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ 1995 నుండి పనిచేస్తున్నది. గెలలను ఆడించిన తరువాత బరువులో దాదాపు 20 నుండి 23 శాతం ఖాళీ గెలలుగా, మరికొంత పీచు, చిప్పలుగా మిగులుతుంది. పీచు, చిప్పలను మిల్లులు తమ బాయిలర్లలోనే కాల్చుకోగలవు. తోటలో నరికిన మట్టలను చెట్టు పాదులలో పరచడం తేమను కాపాడే మంచి పద్ధతి. వాటిని కదిలించనవసరం లేదు.

మిగిలేది ఖాళీ గెల. ఇది మిల్లు వద్దనే కుప్పలుగా లభిస్తుంది కనుక సేకరణ సమస్య లేదు. అయితే అందులో 60 శాతానికి పైగా తేమ ఉంటుంది. గెలల దిగుబడి వానాకాలంలో ఎక్కువ కావడంతో ఎండపై ఆధారపడటం కుదరదు. గెలను చీల్చి, పిండి, మిల్లులో మిగులు ఆవిరి ఉంటే దానితో ఆరబెట్టవలసి ఉంటుంది. ఇందులోని పొటాషియం కొలిమిలో బూడిదను కరిగించి చిట్టెంవలె గడ్డకట్టిస్తుంది. ఈ రెండు లోపాలను అధిగమించగలిగిన మిల్లులకు అనుబంధంగా బ్రికెట్ల విభాగం పెట్టడం, విడిగా కర్మాగారం పెట్టడం కంటె మేలు. బూడిదలోని పొటాష్ తోటలకే తిరిగి ఎరువవుతుంది.

కొనేవారెవరు?

మెట్ట ప్రాంతంలో వర్జీనియా పొగాకు బ్యారన్లు కట్టెలకు ప్రధాన వినియోగదారులు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వేలం కేంద్రాల పరిధిలో జనవరి నుండి ఏప్రిల్ వరకు ఆకు పక్వపరచే పనులు సాగుతాయి. కిలో ఆకుకు సుమారు నాలుగైదు కిలోల కట్టెలు కాలుతాయి. ఆ మేరకు చెట్లు నేలకొరుగుతున్నాయి. రైతుకు కట్టెల ఖర్చు ఏటేటా భారమవుతున్నది. బ్రికెట్లు ఇక్కడ నేరుగా అడవిని కాపాడగల ఇంధనం.

చిక్కు కాలంతోనే వచ్చింది. దాళ్వా గడ్డి, కొల్లేరు కలుపు మొక్క ఏప్రిల్, మే నెలలలో ఎండుతాయి. బ్యారన్లు అప్పటికి చల్లారుతాయి. అంటే వేసవిలో తయారైన దిమ్మె వానాకాలమంతా వేచి, మరుసటి జనవరిలో అమ్ముడవుతుంది. నీరు తగిలిన బ్రికెట్ ఉబ్బి పొడి అయిపోతుంది. పటిష్ఠమైన షెడ్డు, అగ్నిప్రమాద జాగ్రత్తలు, ఎనిమిది నెలలపాటు సరుకులో చిక్కుకొనే పెట్టుబడి అవసరం. యంత్రానికి రుణం తీసుకొని, ఈ నిర్వహణ మూలధనాన్ని లెక్కలో వేయకపోతే యంత్రం మంచిదైనా యజమాని అప్పులపాలు కాక తప్పదు. ఏడాది పొడవునా కొనే చేపల, రొయ్యల మేత కర్మాగారాలు, నూనె శుద్ధి కర్మాగారాలు, వసతిగృహాల వంటశాలలలో కొందరితోనైనా ముందస్తు ఒప్పందం ఉన్నప్పుడు ఈ భారం తగ్గుతుంది.

థర్మల్ విద్యుత్ కేంద్రాలు మరొక మార్గం. బొగ్గుతో పాటు 5 శాతం జీవవ్యర్థ ఇంధనాన్ని కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరు 8న విధానాన్ని ప్రకటించింది. 2023 జూన్‌లో దానిని సవరిస్తూ 2024-25 నుండి 5 శాతం, 2025-26 నుండి 7 శాతం అని నిర్దేశించింది. ఈ నిబంధనలు ఎప్పటికప్పుడు సవరింపబడుతున్నందున తాజా ఉత్తర్వులను చూచుకొనుట మంచిది. ఏలూరుకు సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఇబ్రహీంపట్నంలో డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. అయితే బొగ్గును పొడిచేసి కాల్చే కేంద్రాలకు కావలసినవి వేలిమందపు గుళికలు, అనగా పెల్లెట్లు. పెద్ద బ్రికెట్లు వాటికి పనికిరావు. ఎవరికి అమ్మదలచుకున్నారో తేల్చుకొన్న తరువాతనే యంత్రాన్ని ఎంచుకోవాలి.

ప్రోత్సాహకాలు, సాంకేతిక సహకారం

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన వనరుల మంత్రిత్వ శాఖ 2022 నవంబరు 2న జాతీయ బయోఎనర్జీ కార్యక్రమాన్ని నోటిఫై చేసింది. 2021-22 నుండి 2025-26 వరకు గల కాలానికి ఉద్దేశించిన ఈ కార్యక్రమపు తొలి మార్గదర్శకాలలో, గంటకు టన్ను సామర్థ్యానికి రూ. 9 లక్షల చొప్పున, ఒక్కొక్క కర్మాగారానికి గరిష్ఠంగా రూ. 45 లక్షల వరకు బ్రికెట్, పెల్లెట్ పరిశ్రమలకు ఆర్థిక సహాయం పేర్కొన్నారు. రాయితీ యంత్రం కొనుగోలుకు ఊతమిస్తుందే గాని, ముడిసరుకును సమకూర్చదు. రాయితీ లేకపోయినా లెక్క కుదిరే ప్రాజెక్టుకే రాయితీ మేలు చేస్తుంది.

సాంకేతిక సలహాలకు ఈ సీమలో కొరత లేదు. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ (ఎన్.ఐ.టి.), వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, వరి పరిశోధనకు పేరొందిన మార్టేరు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, పెదవేగి ఆయిల్‌పామ్ సంస్థ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. ఏ సరుకులో తేమ ఎంత, బూడిద ఎంత, వేడి ఎంత అన్నది పరీక్షించుకోకుండా యంత్రాల అమ్మకందారు చెప్పిన అంకెలపై ఆధారపడటం తగదు.

పెట్టుబడికి ముందు

పరిశ్రమ స్థాపించదలచినవారు నాలుగు విషయాలను కాగితంపై తేల్చుకోవలసి ఉంటుంది. మొదటిది, ఎంచుకొన్న వ్యర్థాన్ని ఇప్పుడు వాడుకొంటున్న వారెవరు, వారితో పోటీపడితే ధర ఎంతకు చేరుతుంది. రెండవది, అది ఏ నెలలో ఏ తేమతో లభిస్తుంది, ఎండబెట్టే స్థలం ఎక్కడ. మూడవది, వానాకాలమంతా నిల్వ ఉంచే షెడ్డు, దానికి తగిన మూలధనం ఉన్నాయా. నాలుగవది, కొనుగోలుదారునికి కావలసినది దిమ్మా, గుళికా, అతని కొలిమి ఆ బూడిదను తట్టుకోగలదా. ఈ నాలుగింటికి సమాధానం ఉన్నప్పుడు మిగిలిన పని యంత్రం చేసిపెడుతుంది.

ఈ కొలమానంతో చూచినప్పుడు ఈ సీమలో ముందువరుసలో నిలిచేది దాళ్వా అనంతరం కాల్చివేతకు గురవుతున్న వరిగడ్డి. మిల్లుకు అనుబంధంగా ఆరబెట్టగలిగిన పామాయిల్ ఖాళీ గెలలు తరువాతి స్థానంలో ఉంటాయి. కాలువల శుభ్రతతో ముడిపడినంత వరకు గుర్రపుడెక్క మూడవది. ఊక ఒంటిగా కాక, మిగిలిన వాటితో కలిపే తోడుసరుకుగానే ఎక్కువ ప్రయోజనకరం. పొలంలో పొగగా పోయే గడ్డి మెట్టలో బ్యారన్ల కట్టెకు బదులైతే డెల్టా రైతుకు నాలుగు రూపాయలు, పొగాకు రైతుకు ఇంధనం, అడవికి ఊరట లభిస్తాయి. అందుకు రైతు సంఘాలు, మిల్లుల యాజమాన్యాలు, బ్యాంకులు, సంబంధిత శాఖలు వేసవి రాకముందే కలిసి కూర్చోవడం అవసరం. కాలువలు కట్టిన తరువాత మొదలుపెట్టే ఆలోచన ఆ ఏటికి ఉపయోగపడదు.